కోరేగావ్ యుద్ధాన్ని బల్ల మీద ఆడాలంటే

శ్రీహరికోట: జనవరి 1 వస్తే భీమా కోరేగావ్ గురించి ఉపన్యాసాలు వింటాం, పాటలు పాడుకుంటాం, నివాళులు అర్పిస్తాం. ఆ యుద్ధాన్నే బల్ల మీద పరచి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడుకునేలా చేయవచ్చా? చేయవచ్చు. దీన్ని మినియేచర్ వార్‌గేమ్ అంటారు. అంగుళం ఎత్తు సిపాయి బొమ్మలు, అట్ట ఇళ్లు, స్కేలు, పాచికలు ఉంటే చాలు. 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం తన అధికారులకు శిక్షణ ఇవ్వడానికి ఇలాంటి ఆటను వాడింది. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకంతో దాన్ని ఇంటి నేల మీదికి తెచ్చాడు. బొమ్మలు కొనే స్తోమత లేకపోతే అట్టముక్కలకు రంగు వేసుకున్నా ఆట ఆగదు.

చిక్కు వేరే చోట ఉంది. కోరేగావ్‌లో కంపెనీ దళం సుమారు 834 మంది. ఎదురుగా ఉన్న పేష్వా సైన్యం 28,000 అని చెబుతారు. అంటే ఒకరికి ముప్పై ముగ్గురు. ఈ లెక్కను ఉన్నదున్నట్టు బల్ల మీద పెడితే ఆట పది నిమిషాల్లో ముగుస్తుంది, ఓడేవాడు రెండోసారి ఆడటానికి కూర్చోడు.

ఏ అసమాన యుద్ధమైనా ఆటకు పనికొస్తుందా అంటే, రాదు. మన చిత్తూరు సీమలోనే ఉదాహరణ ఉంది. 1740 మే 20న దామలచెరువు కనుమ దగ్గర ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ రఘోజీ భోంస్లే మరాఠా సైన్యాన్ని అడ్డుకోవాలని కాచుకుని కూర్చున్నాడు. వాళ్లు మరో దారిలో కొండ దాటి వెనుక నుంచి వచ్చి పడ్డారు. నవాబూ, అతని కొడుకూ అక్కడే చనిపోయారు. తుపాకులు మోగేసరికే ఫలితం దాదాపు తేలిపోయిన యుద్ధం ఇది. దీన్ని ఆటగా మలచాలంటే కథను ముందురోజుకు జరపాలి. ఏ కనుమకు ఎంతమందిని పంపాలి, ఎవరి మాట నమ్మాలి అన్నదే అక్కడ అసలు ఆట. కోరేగావ్ అలా కాదు. అక్కడ యుద్ధం పగలంతా ఊగిసలాడింది. అందుకే అది బల్ల మీద నిలుస్తుంది.

జరిగింది ఇదీ. 1817 డిసెంబర్ 31 రాత్రి కెప్టెన్ స్టాంటన్ దళం శిరూర్ నుంచి బయలుదేరింది. బాంబే నేటివ్ ఇన్‌ఫాంట్రీ ఒకటో రెజిమెంటు రెండో బెటాలియన్ సిపాయిలు దాదాపు 500, గుర్రపు దళం 250 నుంచి 300, రెండు ఆరు పౌండ్ల ఫిరంగులు. ఆ ఫిరంగులు నడిపింది మద్రాసు ఆర్టిలరీ వాళ్లు. రాత్రంతా 40 కిలోమీటర్లకు పైగా నడిచి, తెల్లారాక భీమా నది అవతల పేష్వా సైన్యాన్ని చూసి, పక్కనే ఉన్న కోరేగావ్ ఊళ్లోకి దూరారు. నిద్ర లేదు, తిండి లేదు, చీకటి పడేదాకా నీళ్లు లేవు. మధ్యాహ్నం మొదలైన పోరు రాత్రి తొమ్మిదింటికి ఆగింది. ఒక ఫిరంగి చేజారింది, మళ్లీ చేతికొచ్చింది. ఫిరంగి దళం అధికారి చిజమ్ తల నరికేశారు. లొంగిపోదామని అడిగిన ఫిరంగి సిబ్బందికి స్టాంటన్ కాదన్నాడు. 275 మంది చనిపోయారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. జనరల్ స్మిత్ సైన్యం వస్తోందన్న భయంతో పేష్వా వెనుదిరిగాడు.

ఇక ఆట కట్టడం. మొదటి ప్రశ్న: ఆ 28,000 మందిలో ఊళ్లో పోరాడింది ఎందరు? సుమారు 2,000. అరబ్బులు, గోసాయిలు, మామూలు పదాతి సైనికులు మూడు దళాలుగా వచ్చారు. మిగతావాళ్లు ఊరి చుట్టూ, నది అవతల ఉన్నారు. ఈ మాట అంటే మనవాళ్లలో కొందరికి నచ్చదు, కోరేగావ్‌ను తగ్గిస్తున్నారనిపిస్తుంది. మా లెక్క వేరు. రాత్రంతా నడిచి వచ్చి, నీళ్లు లేకుండా, రెండింతలకు మించిన మందిని తొమ్మిది గంటలు ఆపడం చిన్న విషయమా? నిలబడే అంకె చెబితే ఎవరూ కొట్టిపారేయలేరు.

ఒక బొమ్మకు 20 మంది అనుకుంటే సిపాయిలకు 25 బొమ్మలు, గుర్రాలకు 12 నుంచి 15, ఫిరంగులు రెండు. ఊళ్లోకి దిగే పేష్వా దళాలకు 100 బొమ్మలు. మొత్తం సైన్యాన్ని పెట్టాలంటే 1,400 కావాలి, ఏ బల్లా మోయదు. వాళ్లు బల్ల అంచు బయట ఉన్నారనుకుందాం. సందులు ఇరుకు కాబట్టి ఒకేసారి మూడు దళాలకు మించి ఊళ్లోకి రాకూడదు. అయితే చితికిన దళాన్ని తీసేసి పేష్వా ఆటగాడు కొత్తది దింపుకోవచ్చు. స్టాంటన్‌కు ఆ వెసులుబాటు లేదు.

వంతుకు గంట చొప్పున తొమ్మిది వంతులు. నాలుగో వంతు నుంచి దాహం మొదలవుతుంది. నదివైపు అంచును పట్టుకోకపోతే ప్రతి వంతులో ఒక కంపెనీ దళం స్థైర్యం ఒక మెట్టు తగ్గుతుంది. ఎనిమిదో వంతుకు చీకటి పడుతుంది, నీళ్లు దొరుకుతాయి. ఆరో వంతు నుంచి పేష్వా ఆటగాడు రహస్యంగా పాచిక వేస్తాడు. ఆరు పడితే స్మిత్ వస్తున్నట్టు కబురు, రెండు వంతుల్లో వెనక్కి మళ్లాలి. ఈ సంగతి స్టాంటన్ ఆటగాడికి చెప్పకూడదు. నిజంగానూ అతనికి తెలియదు.

గెలుపు ఇద్దరికీ ఒకటే అయితే తూకం కుదరదు. పేష్వా పక్షం రెండు ఫిరంగులూ పట్టుకోవాలి, లేదా ఊరిని ఖాళీ చేయించాలి. కంపెనీ పక్షానికి చివరి వంతు దాకా ఒక ఫిరంగి, సగం సిపాయిలు మిగిలితే చాలు. నాలుగుసార్లు ఆడండి, రెండోసారీ నాలుగోసారీ పక్షాలు మార్చుకోండి. నాలుగుసార్లూ ఒకే పక్షం గెలిస్తే దాహం వంతును ముందుకో వెనక్కో జరపండి. బొమ్మల సంఖ్య మార్చవద్దు.

చాలా ఆటల్లో ఇంకో సులువైన దారి ఉంటుంది: బలహీన పక్షానికి ‘శౌర్యం’ పేరుతో పాచిక మీద రెండు పాయింట్లు కలిపేస్తారు. మహార్ సిపాయిలకు అలా ఇద్దామని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. శౌర్యం కులం రక్తంలో ఉంటుందన్నది బ్రిటిష్ వాళ్ల ‘మార్షల్ రేస్’ సిద్ధాంతం. 1890ల తొలి ఏళ్లలో మహార్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేయడానికి వాడుకున్నదీ దాన్నే. కోరేగావ్‌లో నిలబడిన వాళ్ల మనవల తరానికి సైన్యం తలుపు మూసిన సిద్ధాంతాన్ని పొగడ్త రూపంలో మన బల్ల మీదికి తెచ్చుకోవడం ఎందుకు? గోడలు, సందులు, అలవాటైన కవాతు, తప్పించుకునే దారి లేకపోవడం: ఇవి చాలు.

స్తూపం మీద 49 పేర్లున్నాయి. ‘నాక్’తో ముగిసే పేర్లను బట్టి వాటిలో 22 మహార్లవని గుర్తించారు. మిగతావి ఇతరులవి. కాబట్టి బెటాలియన్ మొత్తాన్ని ఒకే రంగులో ముంచవద్దు, ఎదుటి పక్షాన్నీ ఒకే కులంగా చూపవద్దు. అరబ్బుల సంగతి పైన చెప్పాం. అలాగని ‘నేటివ్ ఇన్‌ఫాంట్రీ’ అన్న చీటీ అంటించి ఊరుకోవడమూ తప్పే. ఆ చీటీ చాటున ఎవరున్నారో రెండు శతాబ్దాలుగా చాలా పుస్తకాలు చెప్పలేదు. మా సూచన: పడిపోయిన ప్రతి సిపాయి బొమ్మకు ఒక పేరు చీటీ తిప్పండి, స్తూపం మీద ఉన్న పేర్లే. వంతు ఆపి ఆ పేరు పైకి చదవాలి. ఆట కాస్త నెమ్మదిస్తుంది, ఫర్వాలేదు.

పేష్వాల పాలనలో పుణెలో అంటరానివాళ్లు నడుముకు చీపురు కట్టుకోవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో రాశారు. 1927 జనవరి 1న ఆయన ఆ స్తూపం దగ్గరికి వెళ్లారు. దీన్ని పాచికల్లోకి తేలేం, తేకూడదు కూడా. ఆటకు ముందు చదవడానికి ఒక పేజీ రాసి బల్ల పక్కన పెట్టండి. కంపెనీ కోసం ఎందుకు పోరాడారన్న ప్రశ్న ఆ పేజీ చదివాక తప్పకుండా వస్తుంది. పేష్వా పక్షాన ఆడిన వాళ్లతోనే ముందు మాట్లాడించండి.