లోగిలి అమ్మకము - కవిలెల గతి

కృష్ణా డెల్టాలో తరతరాల మండువా లోగిలి అమ్మకమునకు వచ్చినప్పుడు టేకు దూలములకు, చెక్కడపు ద్వారబంధములకు, ఇత్తడి గంగాళములకు వెంటనే బేరము కుదురును. అటకమీది తాళపత్రములను, కరణీకపు కవిలెలను అడుగు నాథుడుండడు. ఊరి చరిత్ర దాగియున్నది వానిలోనే.

ఈ సంగతి గుర్తించినవారిలో కర్నల్ కాలిన్ మెకంజీ ఒకడు. ఏలూరు వాస్తవ్యుడైన కావలి వెంకట బొర్రయ్యయు, అతని సోదరులును ఊరూర తిరిగి కవిలెలను, శాసనములను, వంశచరిత్రలను సేకరించి ఆయనకు అందించిరి. 1821లో మెకంజీ మరణింపగా ఆ సంపదయు వారసుల సొత్తై అమ్మకమునకు వచ్చినది. ఆయన భార్యనుండి ఈస్టిండియా కంపెనీ దానిని 10,000 పౌనులకు కొన్నది. 1828లో విల్సన్ పండితుడు దాని పట్టికను అచ్చువేయించెను. అది లండను, కలకత్తా, మద్రాసు నగరములకు పంచబడినను, పట్టిక యుండుటవలన ఏది ఏమిటో తెలియకపోలేదు. శిథిలమగుచున్న కైఫీయతులకు బ్రౌను దొర ప్రతులు వ్రాయించెను. నేడు మన గ్రామచరిత్రలకు అవి ముఖ్యాధారములు.

1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన కళాఖండములును, 75 ఏండ్లు నిండిన విలువగల వ్రాతప్రతులును పురావస్తువులే. వానిని ఎవరికివారు విదేశములకు పంపరాదు.

అన్నదమ్ముల వాటాలు తెగుటకు ఇల్లు అమ్మక తప్పకపోవచ్చును. కాని కొన్నవారికి తాళములు అప్పగింపక ముందే ఏ వస్తువు ఏ ఊరిదో, ఏ తాతగారి కాలమునాటిదో ఇంటి పెద్దలనడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. తాళపత్రములను తూకమునకు వేయక, చదువగలవారికి ఒకసారి చూపుడు.