వంటగట్టు ఎత్తు

వంటింటిని స్త్రీల చెరగా చూసిన సాహిత్యం మనకు తక్కువేమీ లేదు. విమల ‘వంటిల్లు’ కవిత అందులో మనందరికీ తెలిసిందే. అయితే ఆ వంటింట్లోకి వెళ్లడానికే దారిలేని వికలాంగ స్త్రీలు ఈ చర్చలో ఎక్కడ?

మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్లూ చేతులూ కోల్పోయిన సైనికులు తిరిగి పనిలో చేరాలంటే పనిముట్లనూ పని పద్ధతినీ ఎలా మార్చాలో లిలియన్ గిల్‌బ్రెత్, ఆమె భర్త ఫ్రాంక్ అధ్యయనం చేశారు. 1920లో పుస్తకంగా తెచ్చారు. 1924లో ఫ్రాంక్ చనిపోయాడు. ఇంజనీరుగా ఆమెను వద్దన్న కంపెనీలు వంటింటి నిపుణురాలిగా రమ్మన్నాయి. 1929లో బ్రూక్లిన్‌లో ఒక గ్యాస్ కంపెనీకి నమూనా వంటిల్లు తయారుచేసింది. 1940ల చివర్లో గుండెజబ్బు ఉన్న గృహిణుల కోసం ‘హార్ట్ కిచెన్’ రూపొందించింది. కూర్చుని పనిచేసుకునే ఎత్తులో గట్టు, చెయ్యి చాస్తే అందే గిన్నెలు.

ఈ రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. పునరావాసం అంటే మగవాడికి జీతం వచ్చే ఉద్యోగం, ఆడదానికి జీతంలేని వంట.

అలాగని ఆ గట్టును కాదనలేం. టీ తాగాలనిపిస్తే ఇంకొకరి తీరిక కోసం ఎదురుచూసే స్త్రీకి వంటిల్లు చాకిరీ ఒక్కటే కాదు. తన ఆకలి, తన రుచి, తన వేళ తన చేతిలో ఉండటం కూడా. వంటింటి నుంచి విముక్తి కోరే మనం ఆ హక్కునూ కోరాలి. గట్టు ఎత్తు తగ్గించాల్సిందే. తగ్గించాం కదా అని వంటంతా ఆమె ఒక్కదాని వంతు చెయ్యకూడదు.