ఆచార్య రంగాగారి ఎన్నికల చరిత్ర

గుంటూరు మండలమందలి నిడుబ్రోలున 1900లో జన్మించిన ఆచార్య గోగినేని రంగనాయకులుగారు 1930లో కేంద్ర శాసనసభ ప్రవేశించిరి. నడుమ కొన్ని విరామములు తప్ప, 1991 వరకును వారు చట్టసభలయందే యుండిరి. ఇట్టి దీర్ఘసేవను కొనియాడుట సులభము. అందలి జయాపజయముల వరుసను పరికించుట మిక్కిలి ఉపయుక్తమని తలంచుచున్నాము.

1957లో కాంగ్రెసు అభ్యర్థిగా తెనాలి ప్రజలు వారిని లోక్‌సభకు పంపిరి. సహకార సేద్య విధానమును ప్రతిఘటించి వారు కాంగ్రెసును వీడి, 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షులైరి. 1962లో ఆ తెనాలియే వారి నోడించెను. పుట్టిన మండలము పక్షము మారినవారిని గెలిపింపలేదు. పిమ్మట ఉపయెన్నికలో చిత్తూరును, 1967లో శ్రీకాకుళమును వారిని గెలిపించినవి. 1936లో అఖిల భారత కిసాన్ సభను స్థాపించినవారిలో నొకరై, దశాబ్దములు రైతులకై పాటుపడిన వారి పేరు స్వస్థలమును మించి వ్యాపించియుండెను. మరల కాంగ్రెసు పక్షమున 1980, 1984, 1989లలో గుంటూరున గెలిచిరి. 1984నాటి తెలుగుదేశ ప్రభంజనముకూడ వారిని కదల్పజాలదయ్యెను.

సోదరులారా! మనవాడని వోటడుగుట కన్న, కష్టజీవులచే తమవాడనిపించుకొనుట మేలు. ఎన్నికలలో నిలువగోరు మన యువకు లీ చరిత్రను మనస్సున నుంచుకొందురుగాక యని మా విన్నపము.