రామానుజన్ పలక నుంచి కంప్యూటర్ దాకా: నిరంతర భిన్నాల అన్వేషణ

ఒక భిన్నం హారంలో మరో భిన్నం, దాని హారంలో ఇంకొకటి, ఇలా అంతు లేకుండా సాగే భిన్నాన్ని నిరంతర భిన్నం లేదా కంటిన్యూడ్ ఫ్రాక్షన్ అంటారు. వీటికి సంబంధించిన కొత్త సూత్రాలను నేడు కంప్యూటర్ వెదుకుతున్నది. అయితే లెక్కించి ఊహించే పద్ధతి కంప్యూటర్ కంటే పాతది.

కుంభకోణం కళాశాలలో ఉపకార వేతనం కోల్పోయిన శ్రీనివాస రామానుజన్ 1905 ఆగస్టులో, 17 ఏళ్ళ వయసులో, ఇల్లు విడిచి విశాఖపట్నం వైపు వచ్చారు. అరకు కొండలు ఆనాడు ఆ జిల్లాలోనివే. కాగితం ఖరీదు కావడంతో ఆయన పలకపై లెక్కలు చేసి, చెరిపివేసి, ఫలితాలను మాత్రమే నోటుపుస్తకాల్లో రాసుకునేవారు. 1913 జనవరి 16న హార్డీకి రాసిన లేఖలోని నిరంతర భిన్నాలకు కూడా ఉపపత్తులు లేవు.

ఆ భిన్నాలతో ముడిపడిన రెండు సర్వసమీకరణాలను మేజర్ మెక్‌మాన్ 89వ ఘాతం వరకు గుణకాలు లెక్కించి సరిచూశారు. అన్నీ సరిపోయాయి. అయినా హార్డీ వాటిని నిరూపితాలుగా అంగీకరించలేదు. రోజర్స్ 1894లోనే ప్రచురించిన ఉపపత్తిని 1917లో రామానుజన్ పాత పత్రికల్లో చూశారు. అందుకే అవి రోజర్స్-రామానుజన్ సర్వసమీకరణాలయ్యాయి.

ఇంత పట్టుదల ఎందుకు? ఆయిలర్ సంఖ్యను, అంటే 2.71828...ను, 'పై'ని 58 వర్గమూలంతో గుణించగా వచ్చిన ఘాతానికి పెంచితే 24591257751.99999982... వస్తుంది. ఆరు దశాంశాల వరకే చూస్తే పూర్ణాంకమనిపిస్తుంది, కానీ కాదు. దీన్ని 1914లో రామానుజనే ప్రచురించారు.

2019లో ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ పరిశోధకులు 'రామానుజన్ మెషీన్' అనే ప్రోగ్రామును వెల్లడించారు. ఇది అసంఖ్యాక నిరంతర భిన్నాలను కొన్ని దశాంశాల వరకు లెక్కించి, తెలిసిన స్థిరాంకాలతో పోలుస్తుంది. సరిపోయిన వాటిని మరిన్ని దశాంశాలకు పరీక్షిస్తుంది. అలా దొరికిన వాటిలో ఒకటి ఆయిలర్ సంఖ్యకు సూత్రం:

3 − 1/(4 − 2/(5 − 3/(6 − ...)))

ఒక్కో దశలో ఆపితే 3, 2.75, 2.7222, 2.71875 వస్తాయి. కంప్యూటర్ ఇచ్చింది ఊహ మాత్రమే. అదే ఏడాది ప్రాథమిక పద్ధతులతో దానికి ఉపపత్తి వచ్చింది. ఇలాంటి ఉపపత్తిలో వరుస దశల లవాలు, హారాలు పాటించే పునరావృత సంబంధాన్ని సాధించి, అవధిని కనుగొంటారు. ఆ యంత్రం చూపిన మరికొన్ని సూత్రాలు 2021లో నేచర్ పత్రికలో పరిశోధన వెలువడేనాటికి ఊహలుగానే ఉన్నాయి.

కాబట్టి ఎన్ని దశాంశాలు సరిపోయినా అది సాక్ష్యమే, నిరూపణ కాదని మీరు గ్రహించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై సూత్రంలో తరువాతి దశ విలువను క్యాలిక్యులేటర్‌తో కనుగొనండి. అది 2.71828...కు ఎంత దగ్గరగా ఉంది?