కూటశాసనములు, వానిని పట్టిన విద్య

శ్రావస్తీ భుక్తిలో సోమకుండకా గ్రామమును వామరథ్యుడను బ్రాహ్మణుడొకడు తామ్రశాసన బలమున అనుభవించుచుండగా, ఆ శాసనము కూటమని, అనగా దొంగపత్రమని తేలుటచే, హర్షవర్ధనుడు దానిని విరిపించి, గ్రామమును అతని చేతినుండి తీసి, వాతస్వామి శివదేవస్వాములను ఇరువురకు అగ్రహారముగ ధారపోసెను. ఈ వృత్తాంతము హర్ష సంవత్సరము 25న, అనగా క్రీ.శ. 631 ప్రాంతమున వెలసిన మధుబన్ శాసనమున ఆ రాజు మాటలుగనే చెక్కబడియున్నది. ఒక అబద్ధపు రేకును భగ్నము చేసిన సంగతిని మరియొక రేకుమీద నిలిపి, ఎందుకు చేసితిమో లోకమునకు చెప్పిపోయిన ఆ పాలకుని వివేకము నన్ను ఎన్నటికిని ఆకర్షించుచునే యుండును.

భూమి ఉన్నచోట దొంగపత్రము పుట్టుట వింత కాదు. పన్ను లేని మాన్యము ఆచంద్రార్కము వంశమునకు దక్కునన్న ఆశ ఎంతటివానినైన ప్రలోభపెట్టగలదు. అందుచేతనే స్మృతికారులు దానపత్రము ఎట్లుండవలెనో ముందుగనే విధించిరి. వస్త్రముమీదగాని రాగిరేకుమీదగాని వ్రాయించి, తన ముద్ర వేసి, తన పూర్వుల పేర్లును తన పేరును, దానపరిమాణమును, పొలిమేరలను, హస్తాక్షరమును, కాలమును అందు చేర్చవలెనని యాజ్ఞవల్క్యుడు రాజునకు చెప్పెను. కూటశాసనము కల్పించువానికి మనువు మరణదండనము విధించెను. మన వేంగీ చాళుక్యుల రేకులను చేతబట్టి చూచినవారికి ఈ జాగరూకత కంటికి కట్టును. అక్షరములు ఒరసికొని అరుగకుండుటకు రేకు అంచులను కొంచెము పైకి లేపుదురు. రేకులన్నిటికి ఒకేచోట రంధ్రము చేసి కడియము గ్రుచ్చి, దాని కొసలను ముద్రలో బిగింతురు. ఆ ముద్రమీద వరాహమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ యను బిరుదమును ఉబ్బెత్తుగ నిలుచును. కడియము కోయక నడుమ ఒక రేకును మార్చుట సాధ్యము కాదు.

ఇంత కట్టుదిట్టములోను మోసము దూరెను. అట్లు దూరినదానిని ఏరివేయు మార్గములను సయితము పూర్వులే చెప్పిరి. సంశయాస్పదమైన లేఖ్యమును అదే మనుష్యుని ఇతర వ్రాతతో సరిపోల్చి, యుక్తిచేతను, గుర్తులచేతను, ఆ సొత్తు అతనికి సంక్రమించిన తీరుచేతను శోధింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి. 1909లో శ్యామశాస్త్రి అచ్చువేయించిన కౌటిలీయార్థశాస్త్రము రాజలేఖముల దోషములను ఎన్నుచు, ముందు చెప్పినదానికి వెనుక చెప్పినది విరుద్ధమగుట వ్యాఘాతమనియు, లింగవచనకాలకారకములు తప్పుట అపశబ్దమనియు విభజించినది. ఇవి లేఖకునకు చెప్పిన సూత్రములే యైనను, పరీక్షకుని చేతిలో అవియే ఒరగల్లు.

అక్షరముల రూపమునుబట్టి పత్రము వయస్సును గుర్తించుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్యయని కొందరు తలచెదరు. కామరూపరాజగు భాస్కరవర్మ నిధన్‌పూర్ రేకులు ఆ తలంపును సవరించును. ముత్తాత తండ్రి యగు భూతివర్మ ఇచ్చిన శాసనము అగ్నిదగ్ధము కాగా భాస్కరవర్మ ఏడవ శతాబ్దిలో దానిని తిరిగి వ్రాయించి యిచ్చెను. ఇచ్చుచు, దహనానంతరము క్రొత్తగ వ్రాయబడుటచే ఈ అక్షరములు పూర్వపు వానికి భిన్నములైనవేగాని ఇవి కూటములు కావని చివర ఒక శ్లోకమున స్పష్టము చేయించెను. లిపిభేదమును చూచి శంకించు కన్నులు ఆనాటి గ్రామములలో లేకున్న, రాజున కీ సమాధానము చెప్పవలసిన అవసరమే లేదు.

పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున ఈ విద్యకు రెండవ జన్మ కలిగెను. ఏలూరివారైన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో దక్షిణదేశమెల్ల గాలించి శాసనములను, కైఫీయతులను కూర్చిన కర్నల్ మెకంజీ, బిదనూరు సీమలోని గౌజ అగ్రహారపు రాగిరేకుల సంగతిని కలకత్తాకు పంపెను. పరీక్షిత్తు కుమారుడగు జనమేజయుడు సర్పయాగ సందర్భమున సూర్యగ్రహణ పుణ్యకాలమందు చేసిన దానమని ఆ రేకులు చాటుచున్నవి. నిజమైనచో భారతవీరుల కాలమే మన చేతికి చిక్కినట్లు! పండితుడగు కోల్‌బ్రూక్ ఆ ప్రలోభమునకు లోబడక, ఇంతటి ప్రాచీనత అసంభావ్యమని శంక తెలిపియే దానిని ప్రకటించెను. తరువాత ఖగోళజ్ఞుడగు ఎయిరీ అందు చెప్పిన గ్రహణమును గణించి చూడగా అది క్రీ.శ. 1521 నాటిదిగ తేలెను. రాజు పేరును మార్చగలిగిన చేయి సూర్యచంద్రుల గతిని మార్చలేకపోయినది. తిథివారనక్షత్రములను సరిచూచు ఈ పని ఒకనాడు జ్యోతిష్కులకే సాధ్యమై యుండగా, క్రీ.శ. 700 మొదలు 1799 వరకు దినదిన గణనము గల స్వామికన్ను పిళ్ల సంపుటములు 1922లో వెలువడిన పిమ్మట ఓర్పు గల ప్రతి విద్యార్థికిని అది అందుబాటులోనికి వచ్చెను.

శాసనపరిశోధకుడగు ఫ్లీటు చేసిన గయాశాసన పరీక్ష ఈ విద్యలో నేను మిక్కిలి ఆదరించునది. అయోధ్యా స్కంధావారమునుండి సముద్రగుప్తుడు తన 9వ ఏట రేవతికా గ్రామమును దానము చేసినట్లు ఆ రేకు చెప్పును. ముద్ర చూడ నిజమైనదే. వేరొక శాసనమునుండి ఊడదీసి తగిలించినదై యుండునని ఫ్లీటు భావించెను. వంశావళియు సరిగనే యున్నది. కాని రాజు పేరు ప్రథమావిభక్తిలో నుండగా, దానికి ముందున్న విశేషణములు కొన్ని షష్ఠిలో నడచుచున్నవి. ఏల? సముద్రగుప్తుని కుమారుల, మనుమల శాసనములలో ‘సముద్రగుప్తుని యొక్క పుత్రుడు’ అని వచ్చుటచే అచట ఆ విశేషణములు షష్ఠిలో నుండుట న్యాయము. కూటకారుడు అట్టి తరువాతి పత్రమొకటి ముందిడుకొని నకలు వ్రాయుచు, విభక్తులు మార్చుట సగములో మరచెను. తాత పత్రమున మనుమని నాటి వాక్యము దొరకినది! కౌటిల్యుడు చెప్పిన అపశబ్దమే దొంగను పట్టియిచ్చెను. లిపినిబట్టి ఆ రేకు ఎనిమిదవ శతాబ్ది ప్రారంభప్రాంతముదని ఫ్లీటు నిర్ణయించెను. తప్పు పట్టుటకు వ్యాకరణజ్ఞానము ఇంతగా అక్కరకు వచ్చుట చూచి, శబ్దవిద్య వ్యర్థమను నేటి మాటలకు నేను విచారింతును.

అయితే శంకకును మితము కావలయును. ఫ్లీటు 1901లో కూటశాసనముల పట్టికను ప్రకటించి, తలకాడు గంగరాజుల తొలి రేకులను ఇంచుమించుగ అన్నిటిని అందు చేర్చెను. మైసూరు శాసనములకై జీవితమంతయు ధారపోసిన లూయిస్ రైసు ఆ తీర్పును అంగీకరింపడయ్యెను. ఉభయుల వివాదము సంవత్సరముల తరబడి సాగెను. ఇంతలో మన అనంతపురము సీమలోని పెనుకొండలో గంగ మాధవుని రేకులు బయటపడెను. పరువి పెద్దచెరువు క్రింది వరిమళ్లను కుమారశర్మయను బ్రాహ్మణునకు ఇచ్చిన దానమది. ఆ పరువి నేటి హిందూపురమునకు సమీపమున నున్న పరిగి. తన తండ్రిని పల్లవ సింహవర్మయు, తన్ను పల్లవ స్కందవర్మయు అభిషేకించిరని మాధవుడు అందు చెప్పుకొనెను. ఫ్లీటు ఆ రేకులను పరీక్షించి, లిపి ఆ కాలమునకు తగియున్నదనియు, ఇది నిస్సంశయముగ సత్యశాసనమనియు, క్రీ.శ. 475 ప్రాంతముదనియు 1915లో ప్రకటించెను. పదునాలుగేండ్లు తాను పట్టిన వాదమునకు అడ్డువచ్చునని దానిని త్రోసిపుచ్చలేదు. సింహవర్మ 22వ ఏటిని శకవర్షము 380తో జోడించిన లోకవిభాగమను జైనగ్రంథమును ప్రక్కనుంచుకొని, ఏ వంశపు రేకులను తాను శంకించెనో ఆ వంశపు రేకునే ఆధారము చేసికొని, కాంచీ పల్లవుల కాలమును నిర్ణయించుటకు పూనెను.