బార్‌కోడ్ పఠనం (ఫోన్ కెమెరాతో)

వస్తువుల మీద ముద్రించిన గీతల వెడల్పులను ఫోటోలో కొలిచి, వాటిలోని అంకెలను రాబట్టే ప్రక్రియ. అంగళ్లలో ఈ గీతల వాడకం 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో మొదలైంది.

మన సరుకుల మీద ఎక్కువగా కనిపించే ఈఏఎన్-13 కోడ్ అడ్డంగా 95 సమభాగాలు. ఒక్కో అంకెకు 7 భాగాలు. వాటిలో రెండు నల్లగీతలు, రెండు తెల్లఖాళీలు. ఇందులో గొప్ప తెలివి మొదటి అంకె విషయంలో ఉంది. దానికి విడిగా గీతలే లేవు. ఎడమవైపు ఆరు అంకెలకు సరి, బేసి అని రెండేసి రూపాలుంటాయి. అవి వచ్చిన వరుసను బట్టి మొదటి అంకె తేలుతుంది. ప్యాకెట్‌ను తలకిందులుగా పట్టుకున్నా ఫోన్ చదవగలగడానికి కారణం కూడా ఈ సరి, బేసి తేడాయే.

సాఫ్ట్‌వేర్ ముందు ఫోటోను నలుపు తెలుపుగా విడదీస్తుంది. ఆపై అడ్డంగా ఒక వరుస తీసుకుని గీతల నిష్పత్తులు చూస్తుంది. నిష్పత్తులు కాబట్టి దూరం మారినా ఇబ్బంది లేదు. మసక, ప్లాస్టిక్ కవరు మెరుపు మాత్రం నిజమైన ఆటంకాలు. చివరి అంకె తనిఖీకి: ఎడమనుంచి అంకెలను వరుసగా 1, 3తో గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి.

బార్‌కోడ్ 890తో మొదలైతే ఆ వస్తువు భారత్‌లో తయారైనట్టేనన్న నమ్మకం సరికాదు. ఆ సంఖ్యను బార్‌కోడ్ అంకెలు కేటాయించే జీఎస్1 ఇండియా సంస్థ ఇచ్చిందని మాత్రమే దాని అర్థం.