కలం వదలని షోయబుల్లా ఖాన్

నిజాం కాలపు హైదరాబాదు చరిత్ర చెప్పుకునేటప్పుడు నాయకుల పేర్లే ముందు వస్తాయి. పత్రికా రచయితగా ప్రాణమిచ్చిన షోయబుల్లా ఖాన్ గారిని తరచు మరచిపోతుంటాం.

ఆయన 1920లో మహబూబాబాద్ ప్రాంతంలో జన్మించారు. ఉస్మానియాలో పట్టా పుచ్చుకున్నారు. అటువంటి పట్టభద్రులకు ఆనాడు సర్కారు కొలువు అందని పండేమీ కాదు. అయినా ఆయన 'తేజ్' పత్రికలో చేరారు. ప్రభుత్వం దాన్ని మూయించింది. మందుముల నరసింగరావు గారి 'రయ్యత్'లో చేరారు. అదీ నిషేధానికి గురైంది. చివరకు 1947 నవంబరులో తానే 'ఇమ్రోజ్' దినపత్రిక స్థాపించారు. ఆ మాటకు 'ఈ రోజు' అని అర్థం.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం తన సంస్థానాన్ని యూనియన్‌లో చేర్చలేదు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్లపై పడుతున్న రోజులవి. సంస్థానం భారతదేశంలో కలవాలనీ, ప్రజాప్రభుత్వం రావాలనీ ఖాన్ గారు ఉర్దూలోనే రాశారు. ఆనాటి పోరాటాన్ని రెండు మతాల తగాదాగా చెప్పేవారికి ఆ రాతలే జవాబు.

1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక, కాచిగూడ ఆఫీసు నుండి ఇంటికి వెళుతుండగా దుండగులు ఆయనను కాల్చి, రాసే కుడిచేతిని నరికివేశారు. ఆయనకు అప్పటికి 28 ఏళ్లు నిండలేదు.

నాలుగు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. ఆయన కోరిన రోజు వచ్చింది. చూడడానికి ఆయన లేరు.

మన మనుమలకు, మనుమరాళ్లకు ఈ పేరు చెప్పడం పెద్దలమైన మన బాధ్యత.